మూడు స్టీలు గ్లాసులు

ముప్పై ఐదేళ్ళ సర్వీసులో నేను లెక్క చూసిన రమ్ము ఎన్ని వేల లీటర్లో చెప్పలేను. రక్షణ ఖాతాల శాఖలో పనిచేసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ఎత్తైన చలి ప్రాంతాల్లో ఉండే జవాన్లకి రేషన్‌తో పాటు రమ్ము ఇస్తారు. డిపోకి ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, దారిలో ఎంత కారింది, ఎన్ని సీసాలు పగిలాయి, అన్నీ పుస్తకాల్లో ఉంటాయి. ఆ పుస్తకాలు మా దగ్గరకొస్తాయి. టిక్కులు పెట్టాను, అభ్యంతరాలు రాశాను, నష్టాల స్టేట్‌మెంట్లు వెనక్కి పంపాను. రుచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. రమ్మొక్కటే అనుకునేరు, కల్లు, బీరు, ఏదీ చూడలేదు.

ఎందుకు చూడలేదు అని అడిగితే నా దగ్గర రెండు జవాబులుండేవి. ఒకటి పైకి చెప్పేది, రెండోది లోపల దాచుకున్నది. ఆడిటర్ల భాషలో దీన్ని రెండు సెట్ల పుస్తకాలు అంటారు.

పదేళ్ళ కిందట మా హేతువాద సంఘం నెలవారీ సమావేశంలో ఒట్ల గురించి మాట్లాడాను. తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టి, తర్వాత తప్పితే ఆ తల పగిలిపోతుందన్న నమ్మకం గురించి. ఒట్టంటే నోట్లోంచి వచ్చిన శబ్దం, దానికి ఎవర్నీ చంపే శక్తి లేదు, అదే ఉంటే మన సినిమాల్లో హీరోల తల్లులు ఒక్కరూ మిగిలేవారు కాదు అన్నాను. అందరూ నవ్వారు. చివరి వరసలోంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు లేచి, “మరి మీరు తాగరు కదా సార్, ఎందుకని?” అన్నాడు. “ఆరోగ్యం బాబూ” అన్నాను. అది తప్పుడు పద్దు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అసలు పద్దు ఇది. 1979లో మా నాన్న పోయాడు. తణుకు దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తా. సారా తాగేవాడు. తాగినా చిట్టా ఆవర్జాల్లో తప్పు పోయేవాడు కాదు. పొడుగాటి కూడికని పైనుంచి కిందకి ఒక్కసారి వేలుతో గీసుకుంటూ వచ్చి అడుగున మొత్తం వేసేవాడు. నేను బి.కాం.లో చేరడానికి ఆ వేలే కారణం. చివరి ఏడాది ఒక్క కూడికలో తప్పు పోయింది. ఆ తప్పు ఖరీదు అమ్మ గాజులు. కామెర్లు ముదిరి, పొట్ట ఉబ్బి ఆయన పోయిన పదకొండోరోజున అమ్మ నా కుడిచెయ్యి పట్టుకుని తన తలమీద పెట్టుకుంది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. “జన్మలో ముట్టనని చెప్పు” అంది. చెప్పాను.

తర్వాత నేను హేతువాదినయ్యాను. గ్రహణం రోజున వీధిలో నిలబడి భోంచేశాను. పెళ్ళికి ముహూర్తం చూడనివ్వలేదు. నాన్న తద్దినం పెట్టడం మానేసినప్పుడు అమ్మ ఏడ్చింది, అయినా మానేశాను. ఈ ఒక్కటీ మాత్రం మానలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన వార్త వస్తే అమ్మ పేపరు కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచుకుంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, మూడూ చూసి 2011లో వెళ్ళిపోయింది. ఒట్టు తప్పితే చావడానికి ఇంక ఎవరూ లేరు. అయినా నేను తాగలేదు. అప్పుడు నాకే అనుమానం మొదలైంది. ఇది నేను ఆలోచించి పెట్టుకున్న నియమమా, లేక నేను వెక్కిరించే మూఢనమ్మకాల్లో మిగిలిపోయిన చివరిదా?

మా అమ్మాయీ అల్లుడూ ఇటలీలో ఫ్లోరెన్సులో ఉంటారు. 2024 మే నెలలో నేనూ మా ఆవిడా వాళ్ళ దగ్గరకి వెళ్ళాం. అల్లుడికి వైన్ మీద భక్తి. (ఈ మాట అతని ముందే వాడాను, కోప్పడలేదు.) “మామయ్య గారూ, మీరు తాగక్కర్లేదు, ఊరు చూద్దురుగాని” అని మమ్మల్ని మోంటాల్చినో తీసుకెళ్ళాడు. ఫ్లోరెన్సు నుంచి సియెనా మీదుగా వంద కిలోమీటర్లు దాటి దక్షిణంగా, కొండమీద ఉన్న చిన్న ఊరు. బ్రునెల్లో అనే ఎర్ర వైన్‌కి ప్రపంచమంతా పేరున్న ఊరు.

దారిలోనే చర్చ మొదలైంది. రెడ్ వైన్ గుండెకి మంచిదట. ఈ మాట ఎక్కడ పుట్టిందో అతనికి చెప్పాను. ఫ్రెంచివాళ్ళు కొవ్వు బాగా తిన్నా గుండెజబ్బులు తక్కువెందుకని 1991లో అమెరికాలో ఒక టీవీ కార్యక్రమం వచ్చింది, రెడ్ వైన్ వల్ల కావచ్చన్నారు, అమ్మకాలు ఎగిరాయి. తర్వాత లెక్కలు తిరగేసినవాళ్ళు ఒక లోపం పట్టుకున్నారు. “తాగనివాళ్ళు” అనే జాబితాలో, జబ్బుచేసి తాగుడు మానేసినవాళ్ళు కూడా కలిసి ఉన్నారు. వాళ్ళు తొందరగా పోతే, తాగనివాళ్ళు తొందరగా పోయినట్టు కనపడుతుంది. ఒక పద్దులో పడాల్సింది ఇంకో పద్దులో పడటమన్నమాట. మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది. ఇంత వరకూ తాగితే క్షేమం అని చెప్పగల మోతాదు లేదని ఆ సంస్థ యూరప్ శాఖ 2023 జనవరిలో ప్రకటించింది. అల్లుడు అంతా విని, “సరే మామయ్య గారూ, గుండె సంగతి వదిలేద్దాం. రుచి కోసమే” అన్నాడు. ఒప్పుకున్నాను. ఆ మాట నిజాయితీగా ఉంది.

కొండ ఎక్కబోయే ముందు బువన్‌కన్వెంతో అని ఒక ఊరు తగులుతుంది. 1313లో చక్రవర్తి ఏడో హెన్రీ అక్కడే పోయాడు. ప్రార్థనలో ఇచ్చిన వైన్‌లో పూజారి విషం కలిపాడని పుకారు పుట్టి శతాబ్దాలు నడిచింది. మలేరియా వల్ల అని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. దోమ పేరు ఎవరూ గుర్తుపెట్టుకోరు కదా.

మోంటాల్చినో సముద్రమట్టానికి సుమారు 560 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరి కొసన 1361లో సియెనావాళ్ళు కట్టిన కోట. ఆ సియెనా రాజ్యం 1555లో ఓడిపోయాక అక్కడి నాయకులు కొందరు ఈ కొండమీదకొచ్చి, 1559 దాకా తమ గణతంత్రం ఇంకా బతికే ఉందంటూ ఇక్కడినుంచే నడిపారు. చెప్పుకోవాల్సిన మొండితనం అది. కోట గోడమీంచి చూస్తే దక్షిణాన అమియాతా పర్వతం కనపడుతుంది, 1,738 మీటర్లు. అటునుంచి వచ్చే గాలివానల్ని అదే ఆపుతుందని, ద్రాక్ష ఇక్కడ బాగా పండటానికి అదొక కారణమని చెప్తారు. కింద తోటలు, మధ్యలో నిటారుగా సైప్రస్ చెట్లు. మా ఆవిడ వాటిని చూసి “మన అశోకచెట్లలా ఉన్నాయండీ” అంది.

మేం వెళ్ళిన తోట చిన్నది, ఐదు హెక్టార్లు. ఒక అమ్మాయి అంతా తిప్పి చూపించింది. పెద్ద పెద్ద ఓక్ పీపాలు, కొన్ని మనిషి కంటే ఎత్తు. బ్రునెల్లో అనే పేరుతో అమ్మాలంటే వైన్ కనీసం రెండేళ్ళు చెక్కలో ఉండాలి, తర్వాత కనీసం నాలుగు నెలలు సీసాలో. పంట తీసిన ఏడాది తర్వాత ఐదో ఏడాది జనవరి 1 దాకా బజార్లో పెట్టకూడదు. మేం వెళ్ళేసరికి 2019 పంట అమ్ముతున్నారు. ఐదేళ్ళు సరుకు గోడౌన్‌లో, పెట్టుబడి వడ్డీతో సహా అందులోనే. ధరలో సగం రుచి కాదు, వడ్డీ అనిపించింది. (మా అల్లుడు ఈ లెక్క ఒప్పుకోలేదు.) పీపా లోంచి నెలనెలా కొంత ఆవిరైపోతుంది, ఖాళీ పెరిగితే పాడవుతుంది కనక మళ్ళీ నింపుతూ ఉండాలి. “ఆ తరుగు ఎక్కడ రాస్తారమ్మా?” అని అడిగాను. రిజిస్టరు ఉందంది. చూపించమన్నాను. నవ్వింది గాని చూపించలేదు.

నాకు అక్కడ బాగా నచ్చింది సీసా మెడమీది కాగితం సీలు. ఇటలీ ప్రభుత్వ ముద్రణాలయంలో, అంటే నాణేలు ముద్రించే సంస్థలోనే, అచ్చవుతుంది. ఒక్కోదానికి ఒక్కో నంబరు. తోట రిజిస్టర్లో ఎంత విస్తీర్ణం ఉందో, అందులో ఎంత పండించవచ్చో, దాన్నిబట్టి ఎన్ని సీళ్ళు ఇవ్వాలో నిర్ణయమవుతుంది. హెక్టారుకి 8 టన్నుల ద్రాక్ష దాటకూడదు. అందులో 68 శాతం వైన్ అని లెక్క. నోటుపుస్తకం తీసి వేశాను. 5,440 లీటర్లు, ముప్పావు లీటరు సీసాలకి మారిస్తే 7,253. ఐదు హెక్టార్లకి 36,266. అంతకంటే ఒక్క సీసా ఎక్కువ బయటికొచ్చినా ఎక్కడో దొంగతనం జరిగిందన్నమాట. వైన్ వాసన చూసి తన్మయులైనవాళ్ళ గురించి చదివాను. నాకు ఆ తన్మయత్వం ఈ సీలు చూస్తే కలిగింది. ఇది పైకి చెప్పుకోకూడదేమో.

సీలు ఇచ్చే ముందు ప్రయోగశాల పరీక్ష ఉంటుంది, ఆపైన రుచి చూసే కమిటీ ఒకటి ఉంటుంది. ప్రభుత్వ నిబంధన ప్రకారం వాళ్ళు కూర్చుని చప్పరించి పాస్ చెయ్యాలి. మన ఆఫీసుల్లో ఇన్ని కమిటీలు చూశాను గాని ఇలాంటిది తగల్లేదు.

ఇంత పకడ్బందీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. బ్రునెల్లో పేరు పాతదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో క్లెమెంతే శాంతి అనే ఆయన, తర్వాత ఆయన మనవడు ఫెరుచ్చో బియోందీ శాంతి, సాన్‌జొవేజె అనే ఒక్క ద్రాక్ష రకంతోనే, మరేదీ కలపకుండా, ఏళ్ళ తరబడి నిలవుండే వైన్ చేశారు. ఆ ఇంట్లో 1888 పంట సీసాలు ఇంకా దాచి ఉంచారు. అదే 1888లో ఫెరుచ్చో ఊరి నడిబొడ్డున పెట్టిన కాఫీ హోటలు ఇప్పటికీ నడుస్తోంది, మేం అందులో కాఫీ తాగాం. వైన్ చట్టాల కింద 1966లో మొదటి గుర్తింపు, 1967లో ఉత్పత్తిదారుల సంఘం, 1980లో పై హోదా వచ్చాయి. సీళ్ళు, కమిటీలు ఆ పై హోదాతో వచ్చినవే. 1986లో ఇటలీ ఉత్తర ప్రాంతంలో చవక వైన్‌లో ఘాటు పెంచడానికి మిథనాల్ కలిపి అమ్మితే ఇరవైమందికి పైగా చనిపోయారు. మనవైపు కల్తీసారా చావుల లాంటివే. వైన్ చట్టం 1992లో మరింత బిగిసింది.

అయినా 2008లో ఇక్కడే పెద్ద గొడవైంది. మోంటాల్చినోలో కొన్ని కంపెనీలు సాన్‌జొవేజెలో మెర్లో లాంటి ఫ్రెంచి రకాలు కలుపుతున్నాయని ఆరోపణ వచ్చి సియెనా ప్రాసిక్యూటర్లు దర్యాప్తు మొదలుపెట్టారు. ముదురు రంగు, మెత్తటి రుచి ఇష్టపడే బయటి మార్కెట్టు కోసం అలా చేశారన్నది ఆరోపణ. సర్టిఫికెట్టు లేనిదే దిగుమతి కానివ్వమని అమెరికా అంది. కల్తీని పట్టేది నాలుక కాదు, రసాయనశాస్త్రం. ద్రాక్ష తొక్కలో ఉండే ఎరుపు రంగు పదార్థాల్లో ఒక రకం సాన్‌జొవేజెలో దాదాపు ఉండదు, మెర్లోలో ఉంటుంది. అది ఉండాల్సినదానికంటే ఎక్కువ కనపడితే అనుమానమే. దర్యాప్తు నడుస్తుండగానే 2008 అక్టోబర్లో సంఘం సభ్యులు ఓటు వేసుకున్నారు, కొంచెం కలుపుకోనిద్దామా, నూటికి నూరూ ఇదేనా అని. 96 శాతం నూటికి నూరే అన్నారు. ఒట్టు నిలబెట్టుకున్నారు. నాకు ఆ మాటే తట్టింది, వేరే మాట తట్టలేదు.

రుచి చూసే గదిలో మనిషికి నాలుగు గ్లాసులు పోశారు. రుసుము 25 యూరోలు, తాగినా తాగకపోయినా అంతే. ఇది నాకు కొంచెం కష్టమనిపించింది. ఆ అమ్మాయి గ్లాసు తిప్పి, ముక్కు లోపలికి పెట్టి, చెర్రీ, ఎండిన వయొలెట్ పువ్వు, తోలు, పొగాకు అని చెప్పింది. చెర్రీ వాసన నేను చూసింది కేకు మీదే. వయొలెట్ పువ్వు చూడనే లేదు. ముక్కుకి తగిలింది పాత చెక్కపెట్టె, దాని వెనక ఏదో పులుపు. తోలూ పొగాకూ అన్నాక మాత్రం రెండూ కచ్చితంగా తగిలాయి. చెప్పకముందు లేనివి చెప్పాక ఎలా వచ్చాయి? పక్కనే ఉమ్మడానికి బక్కెట్టు పెట్టారు. నోట్లో పోసుకుని ఉమ్మేస్తే ఒట్టు తప్పినట్టా, కాదా అని కాసేపు ఆలోచించాను. ఖర్చు జరగలేదు, అడ్వాన్సు మాత్రం డ్రా చేశారు. అలాంటి కేసులు చాలా చూశాను, అన్నిటికీ అభ్యంతరం రాశాను. గ్లాసు కింద పెట్టేశాను.

తిరిగి వస్తూ అల్లుడికి బోర్దో యూనివర్సిటీ ప్రయోగం గురించి చెప్పాను. 2001లో ప్రచురించారు. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో రుచిలేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కళ్ళు చెప్పింది ముక్కు విన్నది. “వాళ్ళు విద్యార్థులు మామయ్య గారూ” అన్నాడు. “అయితే ఈ రాత్రి నువ్వు కూర్చో బాబూ” అన్నాను. సవాలు విసిరాక వెనక్కి తగ్గే మనిషి కాదు.

ఆ తోటలోనే రెండు సీసాలు కొన్నాం. ఒకటి బ్రునెల్లో, 48 యూరోలు. రెండోది రోస్సో దీ మోంటాల్చినో, 18 యూరోలు. రెండూ అదే తోట, అదే ద్రాక్ష. రోస్సోని కోసిన మరుసటి సంవత్సరం సెప్టెంబర్లోనే అమ్ముకోవచ్చు. తేడా ముఖ్యంగా వయసుదీ చెక్కదీ. రాత్రికి ఒక పల్లెటూరి బసలో దిగాం. మా అమ్మాయి ఎక్కడికెళ్ళినా మంచినీళ్ళకి స్టీలు గ్లాసులు పట్టుకెళ్తుంది, వాళ్ళమ్మ పోలిక. అవే పనికొచ్చాయి. స్టీలు గ్లాసులో, దీపం తగ్గించి పెడితే, రంగు తెలియదు.

పరీక్ష పద్ధతి కొత్తదేమీ కాదు, ఆహార పరిశ్రమలో వాడేదే. మూడు గ్లాసులు, రెండిట్లో ఒకటే వైన్, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. ఏ గ్లాసులో ఏది పొయ్యాలన్నదానికి ఆరు రకాల అమరికలే సాధ్యం. ఆరు చీటీలు రాసి మా ఆవిడకిచ్చాను. ఆవిడ వంటగదిలో ప్రతి విడతకీ చీటీ తీసి, దాని ప్రకారం రెండేసి చెంచాలు పోసి, చీటీ మళ్ళీ కలిపేస్తుంది. గ్లాసులు బల్ల మీదకి తెచ్చేది అమ్మాయి. తెచ్చేవాళ్ళకి తెలిస్తే మొహం చెప్పేస్తుంది కదా. నేను నోటుపుస్తకంతో మూల కూర్చున్నాను. ఆరు విడతలు.

అల్లుడు నాలుగు సరిగ్గా చెప్పాడు, రెండు తప్పు. చెయ్యెత్తి గెలిచానన్నాడు. గుడ్డిగా చెప్పినా ఆరింటిలో నాలుగో అంతకంటే ఎక్కువో సరిపోయే అవకాశం పదింట ఒకటి, 729లో 73, అని లెక్కవేసి చూపించాను. అంటే అతనికి తేడా తెలిసి ఉండవచ్చు, తెలియకనూ పోవచ్చు. ఇంకా తమాషా ఏమిటంటే, సరిగ్గా పట్టుకున్న ప్రతిసారీ రెండిట్లో ఏది బాగుందని అడిగాను. రెండుసార్లు బ్రునెల్లో అన్నాడు, రెండుసార్లు రోస్సో అన్నాడు. “స్టీలు గ్లాసులో తాగితే ఇంకేం తెలుస్తుంది మామయ్య గారూ, పైగా బ్రునెల్లో పదేళ్ళు దాచాక తాగాలి” అన్నాడు. రెండో మాటలో న్యాయముంది, రాసుకున్నాను. మొదటిది కూడా రాసుకున్నాను, అది కూడా పరీక్ష పెట్టి తేల్చాల్సినదే.

“ఇప్పుడు నువ్వు, నాన్నా” అంది మా అమ్మాయి.

ఆరోగ్యం అన్నాను. “రెండు చెంచాలకా?” అంది. బీపీ మాత్ర అన్నాను. అది పొద్దున వేసుకునేది. ఇంక నా దగ్గర ఓచర్లు అయిపోయాయి. వాళ్ళ నానమ్మ తలమీద చెయ్యి సంగతి అప్పుడు చెప్పాను. అమ్మాయికి ముప్పై మూడేళ్ళు, అంతవరకూ చెప్పలేదు. తాతయ్య గుండెపోటుతో పోయాడనే దానికి తెలుసు. అది కూడా నేను రాసిన తప్పుడు పద్దే. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వంటగది గుమ్మంలోంచి మా ఆవిడ అంది, “మీరు భయపడుతున్నది అత్తయ్యకి కాదండీ. మామయ్యకి.”

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఇంత సూటిగా అభ్యంతరం రాయడం అరుదు. నేను ఆలోచించాను. నిజమే. అమ్మ పోయాక కూడా నేను తాగకపోవడానికి ఒట్టు కారణం కాదు. ఒక్క గుక్క తాగితే అది నాకు బాగుంటుందేమో, నాన్న నాలుక నాకూ ఉందేమో, ఆయన వేలుతో పాటు అది కూడా వచ్చిందేమో అన్న భయం. తాగుడు కొంతవరకు వంశంలో వస్తుందని కవలల మీద, దత్తత పిల్లల మీద చేసిన పరిశోధనలు చెప్తాయి. కాబట్టి భయం మరీ నిరాధారం కాదు. కాని అరవై నాలుగేళ్ళవాడికి రెండు చెంచాలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పవు, దాన్ని లేపుతాయి అంతే. అది కూడా తెలుసు.

మూడు గ్లాసులు తెమ్మన్నాను.

మొదటిది ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు చెర్రీ కోసమూ తోలు కోసమూ వెతకలేదు. నాన్న కండువా కోసం వెతికాను. సారా, చెమట, రైసుమిల్లు తవుడు కలిసిన వాసన అది. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే తెలిసిపోయేది, ఎంత తాగాడో కూడా. అది ఇందులో లేదు. ఎక్కడా లేదు. మళ్ళీ చూశాను. లేదు. నేను వైన్ తాగడానికి భయపడలేదని, ఆ వాసన మళ్ళీ తగులుతుందని భయపడ్డానని అప్పుడు తెలిసింది. తగలకపోయేసరికి హాయి కలగాలి. కళ్ళు తడిశాయి. ఆయన జ్ఞాపకం ఇంకొంచెం దూరం జరిగినట్టయింది.

మింగాను. పులుపు. తర్వాత వగరు, పచ్చి వక్క నమిలినట్టు, నేరేడుపండు ఎక్కువ తిన్నాక నాలుక పిడచకట్టినట్టు. అల్లుడు టానిన్ టానిన్ అని పొద్దుటినుంచీ అంటున్నది ఇదే అయితే మనకి వగరు అన్న మాట ఎప్పటినుంచో ఉంది. మూడు గ్లాసులూ రుచి చూసి, రెండోది వేరు అన్నాను. మా ఆవిడ చీటీ చదివింది. మొదటిది వేరట. నోటుపుస్తకంలో నా పేరు కింద “తప్పు” అని రాశాను.

నచ్చిందా అని అడిగారు. నచ్చలేదన్నాను. చెప్పాక అదీ అనుమానమే అయింది. అల్లుడి నాలుక మీద 48 యూరోల చీటీ ఉంటే, నా నాలుక మీద నలభై ఐదేళ్ళ చీటీ ఉంది. అతని చీటీ తియ్యడానికి స్టీలు గ్లాసూ వంటగదీ సరిపోయాయి. నాది తీసి పరీక్ష చేసే పద్ధతి నాకు తెలియదు. రెండో గుక్క తాగలేదు, తాగాలని అనిపించలేదు కూడా.

ఈ మధ్య సంఘం సమావేశంలో ఆ కుర్రాడు కనపడ్డాడు. ఇప్పుడు కుర్రాడేం కాదు, ఇద్దరు పిల్లలు. పదేళ్ళ కిందట అడిగిన ప్రశ్నకి జవాబు సవరించుకుంటున్నానని చెప్పి ఇదంతా చెప్పాను. అతనికి ఆ ప్రశ్న అడిగినట్టే గుర్తులేదట.

ఆ రాత్రి సీసాల్లో అడుగున మిగిలిన రెండు రకాలూ మా అమ్మాయి ఒకే సీసాలోకి వంచేసి, మర్నాడు ఫ్లోరెన్సులో టమోటా సాసు ఉడికేటప్పుడు అందులో పోసింది. సాసు బాగుంది, మారడిగి వేయించుకున్నాను. దాన్ని ఏ పద్దు కింద చూపించాలో ఇంకా తేల్చుకోలేదు.